లక్షిత రేడియోధార్మిక చికిత్స - ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్: ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్‌కు లుటీషియం-177 పి.ఎస్.ఎం.ఎ. చికిత్స గత దశాబ్దంలో ప్రయోగదశను దాటి నిత్యవైద్యంలోకి వచ్చింది. ఈ చికిత్స పనిచేసే తీరు, అందుకు గల శాస్త్రీయ ఆధారాలు, భారతదేశంలో ఐసోటోపు లభించే మార్గం ఈ వ్యాసంలో వివరించబడ్డాయి. నగరంలో మాత్రమే లభించే ఈ చికిత్సను ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దులోని రోగి పొందదలచినప్పుడు ఎదురయ్యే అర్హత, రక్తహీనత, ప్రయాణం, వ్యర్థజలం, గుర్తింపుపత్రం వంటి అంశాలను ఈ వ్యాసం ప్రత్యేకంగా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ప్రోస్టేట్ క్యాన్సర్, పి.ఎస్.ఎం.ఎ., లుటీషియం-177, అణువైద్యం, భద్రాచలం, మణుగూరు, ఆరోగ్యశ్రీ.

1. ఉపోద్ఘాతం:

పురుషులలో మూత్రాశయానికి దిగువన, మూత్రనాళాన్ని చుట్టి ఉండే చిన్న గ్రంథి ప్రోస్టేట్. వయసు పైబడినకొద్దీ ఈ గ్రంథి ఉబ్బడం సర్వసాధారణం. ఆ ఉబ్బు క్యాన్సర్ కాదు. అయితే రాత్రిళ్ళు పలుమార్లు లేవవలసి రావడం, మూత్రం సన్నగా, ఆగి ఆగి రావడం వంటి లక్షణాలు రెండింటిలోనూ కనిపిస్తాయి. ఈ కారణంగా 'ముసలితనంలో ఇది మామూలే' అన్న మాట గ్రామాలలో ఎంత నిజమో అంత ప్రమాదకరం కూడా. క్యాన్సర్ ఎముకలకు పాకి నడుమునొప్పిగా బయటపడేనాటికి వ్యాధి చాలా దూరం వచ్చి ఉంటుంది. ఆ నడుమునొప్పిని కూడా మొదట వయసుకో, బరువులు మోసిన అలవాటుకో, కొన్నిసార్లు వెన్నెముక క్షయకో ఆపాదించడం జరుగుతుంది.

ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలు పురుషహార్మోనుపై ఆధారపడి పెరుగుతాయని, ఆ హార్మోనును తొలగిస్తే వ్యాధి తగ్గుతుందని చార్లెస్ హగ్గిన్స్ 1941లో నిరూపించాడు. అందుకు ఆయనకు 1966లో నోబెల్ బహుమతి లభించింది. వృషణాలను శస్త్రచికిత్సతో తొలగించడం, లేదా నెలకో మూడు నెలలకో ఒకసారి ఇచ్చే సూదిమందులతో హార్మోనును అణచడం నేటికీ వైద్యానికి పునాది. పాశ్చాత్యదేశాల్లో సూదిమందులదే పైచేయి. భారతదేశంలో మాత్రం ఒక్కసారితో ముగిసిపోయే శస్త్రచికిత్సను ఎంచుకునేవారు నేటికీ ఎక్కువగానే ఉన్నారు. దీన్ని వెనుకబాటుతనంగా చూసే ధోరణి సరైనది కాదు. దుమ్ముగూడెం, చర్ల మండలాల్లోని ఒక గూడెం నుండి ప్రతి మూడు నెలలకు సూది కోసం పట్టణానికి రావలసిన రోగి ఒక్క సూది తప్పినా హార్మోను తిరిగి పెరుగుతుంది. శస్త్రచికిత్సలో ఆ భయం లేదు.

హార్మోనును అణచినా కొన్నాళ్ళకు క్యాన్సర్ తిరిగి విజృంభిస్తుంది. రక్తంలో టెస్టోస్టెరోన్ 50 నానోగ్రాముల కంటే తక్కువగా ఉన్నప్పటికీ పి.ఎస్.ఎ. పెరుగుతూ పోవడం, కొత్త మచ్చలు కనిపించడం ఈ దశకు గుర్తు. వైద్యులు దీన్ని హార్మోను నిరోధక దశ అంటారు. 2004లో దోసెటాక్సెల్ అనే కీమోథెరపీ మందు, 2011 తరువాత అబిరటెరోన్, ఎంజలుటమైడ్ వంటి మాత్రలు ఈ దశలో ఆయుర్దాయాన్ని కొంత పెంచాయి. ఇవి కూడా విఫలమైన తరువాత ఏమి చేయాలన్న ప్రశ్నకు వచ్చిన జవాబులలో ఒకటి ప్రస్తుత వ్యాసవిషయమైన లక్షిత రేడియోధార్మిక చికిత్స.

2. లక్ష్యం - వాహకం - కిరణం:

ప్రోస్టేట్ క్యాన్సర్ కణం పైపొరపై ఒక ప్రోటీను ఉంటుంది. దాని ఆంగ్లనామానికి సంక్షిప్తరూపం పి.ఎస్.ఎం.ఎ. 'ప్రోస్టేట్‌కు ప్రత్యేకమైన పొర ప్రతిజనకం' అని దాని అర్థం. పేరు చెప్పినంత ప్రత్యేకత దానికి లేదు. లాలాజల గ్రంథులు, కన్నీటి గ్రంథులు, మూత్రపిండాల సూక్ష్మనాళికలు, చిన్నప్రేగు మొదటిభాగం కూడా ఈ లక్ష్యాన్ని వెతుకుతూ వచ్చే మందును పట్టుకుంటాయి. ఈ చికిత్స వల్ల కలిగే దుష్ఫలితాలలో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది. పేరు పెట్టడంలోని తొందరపాటుకు రోగి నోరు ఎండిపోవడం ద్వారా మూల్యం చెల్లిస్తున్నాడనవచ్చు. అయినప్పటికీ క్యాన్సర్ కణాలపై ఈ ప్రోటీను మామూలు కణాలపై కంటే ఎన్నో రెట్లు అధికంగా ఉండడం, వ్యాధి ముదిరినకొద్దీ సాధారణంగా ఇంకా పెరగడం వైద్యులకు కలిసివచ్చిన అంశం.

జర్మనీలోని హైడెల్‌బర్గ్ క్యాన్సర్ పరిశోధన కేంద్రంలో రూపొందిన పి.ఎస్.ఎం.ఎ.-617 అనే చిన్న అణువుకు రెండు కొసలున్నాయి. ఒక కొస కణం పైనున్న ప్రోటీను గుంటలో తాళంచెవిలా ఇముడుతుంది. రెండవ కొసన డోటా అనే వలయాకార నిర్మాణం లోహపరమాణువును గట్టిగా పట్టి ఉంచుతుంది. అణువు ప్రోటీనుకు అతుక్కున్న తరువాత కణం దానిని తనలోకి లాక్కుంటుంది. అంటే విషాన్ని కణమే తన ఇంట్లోకి తెచ్చుకుంటుంది.

ఆ వలయంలో గాలియం-68 ఉంచితే అది చిత్రణకు పనికివస్తుంది. దాని అర్ధాయువు సుమారు 68 నిమిషాలు. పెట్ యంత్రంలో పడుకోబెడితే శరీరంలో ఎక్కడెక్కడ లక్ష్యమున్నదో వెలుగుచుక్కలుగా కనిపిస్తుంది. అదే వలయంలో లుటీషియం-177 ఉంచితే అది చికిత్స అవుతుంది. ముందు చూసి, చూసినదానినే కొట్టే ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. థైరాయిడ్ వ్యాధులకు రేడియో అయోడిన్‌ను 1941 నుండే వైద్యులు వాడుతున్నారు. థైరాయిడ్ విషయంలో ప్రకృతి ఇచ్చిన ఆకర్షణను ప్రోస్టేట్ విషయంలో రసాయనశాస్త్రజ్ఞులు నిర్మించవలసి వచ్చింది.

లుటీషియం-177 అర్ధాయువు సుమారు 6.65 రోజులు. అది వెలువరించే బీటా కణాలు కణజాలంలో గరిష్ఠంగా 2 మిల్లీమీటర్ల దూరం మాత్రమే పోగలవు. పక్కనున్న ఆరోగ్యవంతమైన అవయవాలకు హాని తక్కువగా ఉండడానికి కారణం ఈ హ్రస్వయాత్రే. బీటాతో పాటు కొద్దిపాళ్ళలో గామా కిరణాలు కూడా వెలువడతాయి. వాటి సాయంతో మందు ఎక్కడికి చేరిందో చికిత్స తరువాత కెమెరాలో చూడవచ్చు. రోగి దగ్గర ఎక్కువసేపు కూర్చున్నవారికి కొంత కిరణమోతాదు సోకడానికి కారణం కూడా ఆ గామా కిరణాలే.

3. ట్రాంబే నుండి రోగి నరం వరకు:

ఈ చికిత్స భారతదేశంలో విస్తరించడానికి వెనుకనున్న ముఖ్యకారణం దేశీయ ఐసోటోపు ఉత్పత్తి. సహజ లుటీషియంలో 2.6 శాతం మాత్రమే ఉండే లుటీషియం-176ను సమృద్ధం చేసి, ముంబయి ట్రాంబేలోని ధ్రువ రియాక్టరులో న్యూట్రాన్‌లతో తాడిస్తే లుటీషియం-177 తయారవుతుంది. 1985లో పని ప్రారంభించిన ధ్రువ 100 మెగావాట్ల పరిశోధన రియాక్టరు. భాభా అణుపరిశోధన కేంద్రం తయారుచేసిన ఐసోటోపును బ్రిట్ అనే సంస్థ ఆసుపత్రులకు చేరవేస్తుంది.

భద్రాచలం ప్రాంతానికి ఈ కథతో ఒక పొరుగు సంబంధం ఉంది. ధ్రువ రియాక్టరులో న్యూట్రాన్‌ల వేగాన్ని తగ్గించేదీ, రియాక్టరును చల్లబరిచేదీ భారజలమే. దేశంలోని పెద్ద భారజల కర్మాగారాలలో ఒకటి భద్రాచలానికి సమీపంలో, అశ్వాపురం మండలం గౌతమీనగర్ వద్ద, గోదావరి నీటిని ఆధారం చేసుకొని 1991 నుండి పనిచేస్తోంది. జనం దాన్ని మణుగూరు భారజల కర్మాగారమనే పిలుస్తారు. పెట్ చిత్రణకు వాడే ఫ్లోరిన్-18 తయారీకి ముడిపదార్థమైన ఆక్సిజన్-18 నీటిని ఉత్పత్తి చేసే సదుపాయం కూడా అక్కడ ఏర్పడింది. అణువైద్యానికి అవసరమైన నీరు ఈ జిల్లాలో తయారవుతున్నా, ఆ వైద్యం కోసం ఈ జిల్లా రోగి 300 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి హైదరాబాదు చేరవలసి ఉన్నది.

ట్రాంబే పద్ధతిలో తయారైన లుటీషియంలో రెండు లక్షణాలను గుర్తించాలి. మొదటిది, ఇందులో రేడియోధార్మికత లేని మామూలు లుటీషియం కూడా కలిసి ఉంటుంది. అందువల్ల అదే మోతాదుకు ఎక్కువ వాహకాణువులు కావాలి. రెండవది, 160 రోజుల అర్ధాయువు గల లుటీషియం-177ఎమ్ అనే మలినం స్వల్పంగా ఉంటుంది. రోగికి దీనివల్ల చెప్పుకోదగిన హాని లేదు గాని, ఆసుపత్రి వ్యర్థాలను ఎక్కువకాలం భద్రపరచవలసి వస్తుంది. ఐరోపా సంస్థలు యిటర్బియం-176 నుండి పరోక్షంగా తయారుచేసే రకంలో ఈ మలినం ఉండదు, ధర మాత్రం ఎక్కువ. అమెరికాలో ప్లువిక్టో పేరుతో అమ్మే తయారుమందు ఒక్క మోతాదుకు 2022లో ప్రకటిత ధర 42,500 డాలర్లుగా ఉండేది. ఉత్పత్తి కేంద్రాలలో అంతరాయం వల్ల 2022-23లో ఆ మందుకు అక్కడ తీవ్రమైన కొరత కూడా ఏర్పడింది. అదే సమయంలో భారతీయ ఆసుపత్రులు సొంత రియాక్టరు ఐసోటోపుతో తమ ఔషధశాలలోనే మందు కలుపుకొని చికిత్స కొనసాగించగలిగాయి. ఇది చిన్న విషయం కాదు. అయినా మన ప్రైవేటు కేంద్రాలలో ఒక్కో విడతకు ఖర్చు సాధారణంగా లక్ష రూపాయలకు మించే ఉంటుంది.

4. ఆధారాలు ఏమంటున్నాయి?

విజన్ అనే పేరుతో జరిగిన మూడవ దశ ప్రయోగం ఫలితాలు 2021లో వెలువడ్డాయి. హార్మోను మాత్రలు, కీమోథెరపీ రెండూ పొందిన 831 మంది అందులో పాల్గొన్నారు. మామూలు చికిత్సకు తోడు లుటీషియం పొందినవారి మధ్యస్థ జీవితకాలం 15.3 నెలలు కాగా, పొందనివారిది 11.3 నెలలు. వ్యాధి మళ్ళీ పెరగడానికి పట్టిన కాలం 8.7 నెలలు, 3.4 నెలలు. ఒక్కో విడతలో 7.4 గిగాబెక్వెరెల్, అనగా 200 మిల్లీక్యూరీల మందు, ఆరు వారాలకొకసారి, నాలుగు నుండి ఆరు విడతలు ఇచ్చారు. ఈ ఫలితాల ఆధారంగా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2022 మార్చిలో అనుమతినిచ్చింది. 2025 మార్చిలో కీమోథెరపీకి ముందు కూడా వాడేందుకు ఆ అనుమతిని విస్తరించింది.

ఈ అంకెలను చదివేటప్పుడు కొంత జాగ్రత్త అవసరం. విజన్‌లో రెండవ వర్గంవారికి కీమోథెరపీ ఇవ్వకూడదన్న నిబంధన ఉంది. అంటే పోలిక జరిగింది బలమైన ప్రత్యర్థితో కాదు. ఆస్ట్రేలియాలో 200 మందితో జరిగిన థెరాపి ప్రయోగంలో లుటీషియాన్ని కబాజిటాక్సెల్ అనే కీమోథెరపీ మందుతో నేరుగా పోల్చారు. పి.ఎస్.ఎ. సగానికి పైగా తగ్గినవారు లుటీషియం వర్గంలో 66 శాతం, కబాజిటాక్సెల్ వర్గంలో 37 శాతం. తీవ్రమైన దుష్ఫలితాలు కూడా లుటీషియం వర్గంలోనే తక్కువ. కాని తరువాత లెక్కించిన సగటు జీవితకాలంలో రెండు వర్గాలకూ తేడా కనిపించలేదు. లుటీషియంతో 19.1 నెలలు, కబాజిటాక్సెల్‌తో 19.6 నెలలు. కనుక ఈ చికిత్స కీమోథెరపీని మించి ఆయువును పెంచుతుందని చెప్పడం ఆధారాలను దాటి మాట్లాడడమే. తక్కువ బాధతో అంతే మేలు చేస్తుందని చెప్పడం సబబు. ప్రకటనలలో ఈ భేదం తరచుగా మాయమవుతుంటుంది.

ప్రయోగశిబిరాల వెలుపల, నిత్యవైద్యంలో పరిస్థితి ఏమిటి? జర్మనీలోని 12 కేంద్రాలలో చికిత్స పొందిన 145 మంది వివరాలు 2017లో ప్రచురితమయ్యాయి. వారిలో 45 శాతం మందికి పి.ఎస్.ఎ. సగానికి పైగా తగ్గింది. భారతదేశంలో ఢిల్లీ ఎయిమ్స్ అణువైద్య విభాగం తొలినుండీ ఈ రంగంలో ముందున్నది. చండీగఢ్‌లోని పి.జి.ఐ. వైద్యులు కీమోథెరపీ ఇంకా పొందని 40 మందిపై లుటీషియాన్ని దోసెటాక్సెల్‌తో యాదృచ్ఛిక పద్ధతిలో పోల్చి, పి.ఎస్.ఎ. తగ్గుదలలో లుటీషియం వెనుకబడలేదని చూపారు. సంఖ్య చిన్నదే. కాని విజన్ ప్రయోగం జరిగినది ఉత్తర అమెరికా, ఐరోపాలలో. పాల్గొన్నవారిలో అత్యధికులు శ్వేతజాతీయులు. ఈ దృష్ట్యా దేశీయ అధ్యయనాల విలువ వాటి పరిమాణాన్ని మించినది. ఆదివాసీ ప్రాంతాల రోగులు ఈ దేశీయ అధ్యయనాల్లో సైతం ఒక ప్రత్యేక వర్గంగా కనిపించరు.

5. అర్హత నిర్ణయం - స్థానిక చిక్కులు:

అందరికీ ఈ మందు పనిచేయదు. విజన్‌లో చిత్రణ చేయించుకున్న 1003 మందిలో 869 మంది మాత్రమే అర్హులుగా తేలారు. కొందరి క్యాన్సర్ కణాలపై ఈ ప్రోటీను ఉండదు. మరికొందరిలో కొన్ని మచ్చల్లో ఉండి, కొన్నింట ఉండదు. లేనిచోట మందు చేరదు, చేరనిచోట వ్యాధి పెరుగుతూనే ఉంటుంది. చక్కెర ఆధారిత ఎఫ్.డి.జి. పెట్ చిత్రణ కూడా తోడైతే అటువంటి దాగిన మచ్చలు బయటపడతాయి. ఖర్చు దృష్ట్యా ఈ రెండవ చిత్రణను మన దగ్గర తరచుగా వదిలివేస్తారు. లక్షల ఖర్చుతో కూడిన వ్యర్థచికిత్సను తప్పించే పరీక్షను పొదుపు పేరిట మానడం ఎంతవరకు పొదుపన్నది ఆలోచించదగినది.

రక్తపరీక్షల విషయంలో అటవీ సరిహద్దు రోగికి వేరే చిక్కు ఉంది. చికిత్స ప్రారంభానికి హిమోగ్లోబిన్ కనీసం 9 గ్రాములు, ప్లేట్‌లెట్లు లక్ష ఉండాలని విజన్ నిబంధన. ఎముకమజ్జలో క్యాన్సర్ నిండినవారికి లుటీషియం ఇస్తే మజ్జ మరింత దెబ్బతింటుంది కనుక ఈ నిబంధన సహేతుకమే. ఏజెన్సీ ప్రాంతంలో హిమోగ్లోబిన్ 8 ఉన్న వృద్ధుడికి ఆ రక్తహీనత క్యాన్సర్ వల్లనే వచ్చిందా? పోషకాహారలోపం, పదేపదే వచ్చిన మలేరియా, కొంకిపురుగులు, ఇనుములోపం వీటిలో ఏదైనా కారణం కావచ్చు. కోయ సమాజంలో సికిల్ సెల్ జన్యువు ఉన్నట్లు పరిశోధకులు చాలాకాలంగా నమోదు చేస్తున్నారు. ఒక్క జన్యువు మాత్రమే ఉన్న వాహకుడికి సాధారణంగా రక్తహీనత రాదు. కనుక వాహకుడని తేలినంతమాత్రాన కారణం దొరికినట్లు భావించరాదు. నగర వైద్యుడు హిమోగ్లోబిన్ అంకెను చూసి 'అనర్హుడు' అని రాసేముందు స్థానిక వైద్యుడు ఈ కారణాలను వడపోసి ఉంటే, నెలన్నర ఇనుము మాత్రలతోనో మలేరియా మందుతోనో అర్హుడయ్యే రోగి వెనుదిరగవలసిన అవసరం ఉండదు. ఈ పనికి అణువైద్య నిపుణుడు అక్కరలేదు. ప్రాథమిక ఆరోగ్యకేంద్రం చాలు.

మూత్రపిండాలది మరొక సమస్య. ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్ మూత్రమార్గాన్ని నొక్కి మూత్రపిండాలను ఉబ్బిస్తుంది. మందులో అధికభాగం మూత్రం ద్వారానే బయటికి పోవాలి గనుక, అడ్డంకిని గొట్టంతోనో స్టెంటుతోనో ముందే తొలగించాలి. ఈ పని ఖమ్మంలోనే చేయించుకోవచ్చు. ఖమ్మంలో 1998 నుండి ప్రైవేటు వైద్యకళాశాల, 2023 నుండి ప్రభుత్వ వైద్యకళాశాల ఉన్నాయి. కొత్తగూడెంలో 2022లో ప్రభుత్వ వైద్యకళాశాల ఏర్పడింది.

ఎముకల చిత్రాలను చదవడంలోనూ ఒక మెలకువ అవసరం. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకను తినివేయడం కంటే దట్టంగా మార్చడం ఎక్కువ. నీటిలో ఫ్లోరైడ్ అధికంగా ఉన్న తెలంగాణ గ్రామాల్లో దీర్ఘకాలం జీవించినవారి ఎముకలు కూడా ఎక్స్‌రేలో దట్టంగానే కనిపిస్తాయి. పి.ఎస్.ఎం.ఎ. చిత్రణ ఈ రెండింటినీ వేరుచేయడంలో మామూలు ఎముక స్కాన్ కంటే మెరుగైనది.

6. చికిత్స రోజు - తరువాతి రోజులు:

చికిత్స చూడడానికి ఏమంత విశేషంగా ఉండదు. చేతినరంలోకి కొద్ది నిమిషాలలో మందు ఎక్కిస్తారు. నొప్పి ఉండదు. జనవ్యవహారంలో రేడియేషన్ చికిత్సను 'కరెంటు పెట్టడం' అంటారు. ఈ మాట ఇక్కడ అపోహకు దారితీస్తుంది. యంత్రం కింద పడుకోబెట్టి కిరణాలు పెట్టే పద్ధతిలో యంత్రం ఆపితే కిరణం ఆగుతుంది, రోగి ఇతరులకు కిరణాలు పంచడు. లుటీషియం చికిత్సలో రోగి శరీరమే కొన్నాళ్ళపాటు కిరణమూలం. సమ్మతిపత్రంపై సంతకం తీసుకునేముందు ఈ భేదాన్ని తెలుగులో, అవసరమైనచోట కోయభాషలో చెప్పించడం ఆసుపత్రి బాధ్యత.

సోకని మందు చాలావరకు మొదటి 48 గంటల్లో మూత్రంతో పోతుంది. అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి పొందిన కేంద్రాలలో రోగిని ప్రత్యేకగదిలో ఉంచి, ఆ మరుగుదొడ్డి నీటిని తొట్టెలలో నిలవచేసి, ధార్మికత తగ్గాక వదులుతారు. పాశ్చాత్యదేశాల్లో చాలాచోట్ల ఈ చికిత్స పొందినవారిని అదేరోజు ఇంటికి పంపుతారు. ఆ పద్ధతిని ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోవడం వివేకం కాదు. అక్కడ రోగి సొంత కారులో వెళ్ళి, తనకంటూ వేరే గది, ఫ్లష్ ఉన్న మరుగుదొడ్డి ఉన్న ఇంటికి చేరతాడు. ఇక్కడ అతడు ఆర్టీసీ బస్సులో మరొకరి భుజానికి భుజం తాకుతూ ఏడెనిమిది గంటలు ప్రయాణించి, మనవలతో కలిసి ఒకే గదిలో పడుకునే ఇంటికి చేరతాడు. మరుగుదొడ్డి ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు. కనుక దూరప్రాంత రోగిని రెండురోజుల పాటు ఆసుపత్రిలో ఉంచడం ఆడంబరమని అనుకోనక్కరలేదు. తొలి 48 గంటల మూత్రాన్ని ఆసుపత్రి తొట్టె స్వీకరిస్తే గూడెంలో మిగిలే సమస్య చాలా చిన్నది.

ఇంటికి చేరాక పాటించవలసినవి కొన్నే. వారం పది రోజులు విడిగా పడుకోవాలి. చిన్నపిల్లలను, గర్భవతులను ఎక్కువసేపు దగ్గర కూర్చోనివ్వరాదు. దూరం రెట్టింపైతే సోకే మోతాదు నాలుగోవంతుకు తగ్గుతుంది గనుక, మంచం రెండు గజాలు జరపడమే పెద్ద రక్షణ. కూర్చొని మూత్రవిసర్జన చేయాలి, నీరు ఎక్కువ పోయాలి, నీరు ఎక్కువ తాగాలి. ఇందులో అంటువ్యాధి లక్షణం లేదని ఇంటివారికి, ఇరుగుపొరుగువారికి ఆశా కార్యకర్త ద్వారా చెప్పించడం అవసరం. లేకుంటే జాగ్రత్త వెలివేతగా మారే ప్రమాదం ఉంది.

నోరెండిపోవడం విజన్‌లో 39 శాతం మందిలో, అలసట 43 శాతం మందిలో నమోదైంది. సాధారణంగా ఇవి తీవ్రంగా ఉండవు. నోరెండిన వృద్ధుడికి పొడి అన్నం దిగదు. జావ, అంబలి వంటివి ఈ ప్రాంతపు నిత్యాహారమే కావడం కొంత ఊరట. తీవ్ర రక్తహీనత సుమారు 13 శాతం మందిలో కనిపించింది. విడతల మధ్య రక్తపరీక్ష తప్పనిసరి కావడం ఇందుకే.

7. దూరం, వరద, కార్డు:

భద్రాచలానికి రైలు లేదు. 'భద్రాచలం రోడ్' అని పేరున్న స్టేషను 40 కిలోమీటర్ల దూరాన కొత్తగూడెంలో ఉంది. ఆరు వారాలకొకసారి చొప్పున ఆరు విడతలంటే చికిత్సాకాలం దాదాపు ఏడు నెలలు. అందులో వర్షాకాలం దాదాపు తప్పదు. 2022 జూలైలో గోదావరి భద్రాచలం వద్ద 71 అడుగులు దాటినప్పుడు వంతెనపై రాకపోకలు నిలిపివేశారు. మూడవ ప్రమాదహెచ్చరిక స్థాయి 53 అడుగులే. అటువంటి వారంలో చికిత్స తేదీ పడితే ఏమవుతుంది? లుటీషియం రోజుకు సుమారు పదోవంతు ధార్మికతను కోల్పోతుంది. ఒక రోగి పేరున తెప్పించిన మోతాదు అతడు రాకపోతే రెండు రోజుల్లో ఐదోవంతు తరిగిపోతుంది. మరో రోగి సిద్ధంగా లేకుంటే వృథా. అందుచేత జూలై-సెప్టెంబరు మధ్య విడతలను నాలుగైదు రోజులు అటూఇటూ జరిపే వెసులుబాటును ముందే అనుకోవడం మంచిది. ఆరు వారాల విరామంలో కొద్దిరోజుల మార్పును వైద్యులు సాధారణంగా అనుమతిస్తారు. వరద సూచన ఉన్నప్పుడు రోగి ముందుగానే నగరం చేరడం మరో మార్గం. కాని ఆ రోజుల బసఖర్చు ఎవరు భరించాలి?

కార్డు సమస్య దీనికంటే జటిలమైనది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచింది. అయితే 2014లో భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోగా, చుట్టూ ఉన్న కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఆ మండలాలవారికీ, ఛత్తీస్‌గఢ్‌లోని కుంట వైపు గ్రామాలవారికీ దగ్గరి పెద్ద ఆసుపత్రి భద్రాచలమే. వారి చేతిలోని కార్డు వేరే రాష్ట్రానిది. 2005 తరువాతి హింసాకాలంలో ఛత్తీస్‌గఢ్ నుండి తరలివచ్చి అడవిలో నివసిస్తున్న గొత్తికోయలలో చాలామందికి ఏ రాష్ట్రపు రేషన్ కార్డూ లేదు. వ్యాధినిర్ధారణ పత్రం కంటే నివాసపత్రం కోసం ఎక్కువ తిరగవలసి వచ్చే రోగికి ఐసోటోపు అర్ధాయువు గురించి చెప్పడం వృథా ప్రయాస.

ఆల్ఫా కణాలను వెలువరించే ఆక్టీనియం-225తో మరింత శక్తిమంతమైన చికిత్స ఢిల్లీ ఎయిమ్స్ వంటి చోట్ల జరుగుతోంది. లుటీషియం విఫలమైనవారిలోనూ అది కొందరికి పనిచేసింది. లాలాజల గ్రంథులకు మాత్రం దానివల్ల హాని ఎక్కువ. అటవీ సరిహద్దు రోగి విషయంలో ప్రస్తుతానికి అది దూరపు మాట.

దగ్గరి మాటలు వేరే ఉన్నాయి. విడతల మధ్య హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్ పరీక్షలను భద్రాచలం ప్రాంతీయ ఆసుపత్రిలోనో ఖమ్మంలోనో చేయించి, ఫలితాలను ఫోను ద్వారా నగర వైద్యుడికి పంపితే, చికిత్సకు అర్హుడు కాని వారంలో రోగి 300 కిలోమీటర్లు వచ్చి వెనుదిరగవలసిన పని ఉండదు. లుటీషియం ఇచ్చినా ఇవ్వకపోయినా ఎముకనొప్పికి మార్ఫిన్ మాత్ర అందాలి. 2014 చట్టసవరణ తరువాత దాని లభ్యతకు దారి సులువైంది, తెలంగాణ ప్రభుత్వం జిల్లాలలో ఉపశమన వైద్యకేంద్రాలను కూడా నెలకొల్పింది. ఇంకొకటి, ఈ రోగులలో ఎవరికైనా నడుమునొప్పితో పాటు కాళ్ళు అకస్మాత్తుగా పట్టుతప్పినా, మూత్రం ఆగిపోయినా అది వెన్నుపాముపై క్యాన్సర్ ఒత్తిడి కావచ్చు. అప్పుడు లుటీషియం తదుపరి విడత కోసం ఎదురుచూడరాదు. స్టెరాయిడ్ సూది స్థానికంగానే ఇచ్చి, అదేరోజు పెద్దాసుపత్రికి పంపాలి. ఒకటి రెండు రోజుల ఆలస్యంతో పోయిన నడక సాధారణంగా తిరిగి రాదు.